మూడు వారాల ఎండ తర్వాత 45 సెం.మీ. మంచు: మూడో రోజు ఈశాన్య వాలు మీదికి వెళ్లొచ్చా?

తెల్లదారి
ముందు వివరాలు మొత్తం పెడుతున్నా. మూడు వారాలు మంచు పడలేదు. రాత్రిళ్లు ఆకాశం నిర్మలంగా ఉండి మైనస్ 15 దాకా చలి. పాత మంచు లోతు 60-70 సెం.మీ. మించి లేదు. దాని మీద మంగళవారం రాత్రి మొదలై బుధవారం సాయంత్రం దాకా 45 సెం.మీ. పడింది. పడుతున్నంతసేపూ నైరుతి గాలి, గంటకి 40 కి.మీ. దాకా. ఇవాళ శుక్రవారం, శనివారం పొద్దున బయల్దేరాలని ప్లాన్. వాలు ఈశాన్య ముఖం, చెట్లు ఆగిపోయే చోటికి పైన, మ్యాప్‌లో 34 డిగ్రీలు. మంచు పలకలుగా తెగి జారే (అవలాంచ్) ప్రమాదం మీద వచ్చే బులెటిన్ 3వ స్థాయి చెబుతోంది. స్కీలతో నలుగురం.

ఇద్దరి వాదన ఏంటంటే: మంచు పడి మూడో రోజు, ఈపాటికి కుదురుకుని ఉంటుంది, పైగా నిన్న ఆరుగురు దిగిన స్కీ గీతలు కింద నుంచి కనిపిస్తున్నాయి, ఏమీ కాలేదు కదా అని. నాకు మనసు ఒప్పుకోవట్లేదు. కానీ ఎందుకు ఒప్పుకోవట్లేదో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నా. వాళ్ల లెక్క ఎక్కడ తప్పుతోంది?

కొండగాలి
మరీ అంత తప్పు లెక్కేం కాదు. తుఫాను మంచు సమస్య చాలావరకు 24 నుంచి 48 గంటల్లో సర్దుకుంటుంది. తన బరువుకి తనే అణిగి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మూడో రోజంటే ఆ గడువు దాటినట్టే. పైకి వెళ్లి గుంట తవ్వి టెస్ట్ చేసుకోండి. బాగుంటే దిగండి, లేదంటే వెనక్కి రండి.

వాలుకోణం
కొండగాలి చెప్పిన 48 గంటల లెక్క కొత్త మంచు లోపల ఉండే బలహీనతకి వర్తిస్తుంది. ఇక్కడ తెల్లదారి మొదట రాసిన రెండు వాక్యాలు చూడండి: మూడు వారాల నిర్మలమైన చలి, 60 సెం.మీ. పాత మంచు. ప్రమాదం పుట్టింది ఆ మూడు వారాల్లో. 45 సెం.మీ. వచ్చి దాని మీద బరువు పెట్టింది, అంతే.

లెక్క ఇలా. నేల దగ్గర మంచు ఎప్పుడూ 0 డిగ్రీలకి దగ్గరగానే ఉంటుంది. పైన మైనస్ 15. మధ్యలో 60 సెం.మీ. మాత్రమే. అంటే మీటరుకి 25 డిగ్రీల తేడా. మీటరుకి 10 డిగ్రీలు దాటితే చాలు, లోపలి ఆవిరి కింద నుంచి పైకి వేగంగా కదులుతూ గుండ్రటి రేణువుల్ని అరగదీసి, మూలలు తేలిన కోణాల రేణువులుగా మళ్లీ పేరుస్తుంది. చేతిలోకి తీసుకుంటే చక్కెరలా జారిపోతుంది, ఉండ కట్టదు. అదే మైనస్ 15 చలిలో మంచు 2 మీటర్ల లోతు ఉండి ఉంటే తేడా మీటరుకి 7.5 డిగ్రీలే, అంత పాడయ్యేది కాదు. అందుకే తక్కువ మంచు పడిన సీజన్ అంటే ప్రమాదం తక్కువ అనుకోకూడదు, పలుచగా పడిన మంచే లోపల కుళ్లుతుంది.

ఇప్పుడు ఆ చక్కెర మీద గాలి బిగించిన పలక, అంటే ఒకే ముక్కగా బిగిసిన కొత్త మంచు, కూర్చుంది. పలక రోజురోజుకీ గట్టిపడుతుంది. మీ ఫ్రెండ్స్ చెబుతున్న ‘కుదురుకోవడం’ అంటే ఇదే. కానీ పలక గట్టిపడేకొద్దీ, ఒకచోట మొదలైన పగులు ఇంకా దూరం పాకుతుంది. కింద చక్కెర మాత్రం చక్కెరగానే ఉంటుంది. మూడు రోజులు కాదు, వారాలు. కొన్ని సీజన్లలో నెలలు.

మంచుబాట
మరి అది ఎప్పటికైనా బాగుపడుతుందా, లేక వసంతం దాకా అంతేనా?

వాలుకోణం
బాగుపడే దారి ఉంది, నెమ్మదిగా. పైన ఇంకా మంచు చేరి మొత్తం లోతు పెరిగితే తేడా మీటరుకి 10 డిగ్రీల లోపుకి వస్తుంది. అప్పుడు రేణువుల మూలలు అరిగి మళ్లీ అతుక్కోవడం మొదలవుతుంది. అయితే అలా చేరే ప్రతి కొత్త మంచూ ముందు బరువే. బాగుచేసే మందే మొదటి రెండు మూడు రోజులు ప్రమాదం పెంచుతుంది.

ఇంకో మాట. నేల దగ్గరి చక్కెరే కానక్కర్లేదు. మూడు వారాల నిర్మలమైన రాత్రుల్లో పాత మంచు పైముఖం కూడా పాడైపోతుంది. గాలి లేని, తేమ ఉన్న రాత్రయితే దాని మీద ఈకల్లా మంచు పూస్తుంది. అవి 1 సెం.మీ. నిలబడి ఉన్నా చాలు, కొత్త మంచు కిందికి వెళ్లాక కంటికి సన్న గీతలా కూడా కనపడదు. తెల్లదారి గారూ, మంగళవారం ముందు పాత మంచు పైన ఎలా ఉందో ఎవరైనా చూశారా?

తెల్లదారి
నీడ వాలుల్లో పైన 10 సెం.మీ. దాకా పొడిగా, కాలు పెడితే పొడిలా లేచేది. ఎండ వాలుల్లో పెంకు కట్టింది.

వాలుకోణం
అయితే ఈశాన్యంలో పలక కింద ఏముందో దాదాపు తెలిసినట్టే.

గాలిచాటు
గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. 45 సెం.మీ. అని ఎక్కడ కొలిచారు? సాధారణంగా గాలి తగలని చదును చోట కొలుస్తారు. నైరుతి గాలి వీస్తే గట్టుకి అటువైపు మంచు ఎత్తి ఇటువైపు, అంటే సరిగ్గా ఈశాన్యంలో పోస్తుంది. గంటకి 25 కి.మీ. దాటితే పొడి మంచు కదలడం మొదలు. ఆకాశం నుంచి పడే దానికంటే పది రెట్లు వేగంగా కూడా గాలి మంచు పేర్చగలదు. కాబట్టి గట్టు కింద 45 అనుకున్న చోట మీటరు ఉండొచ్చు, 20 అడుగులు పక్కన బండ తేలి ఉండొచ్చు. లోతు ఒకచోట ఒకలా ఉండటమే అసలు చిక్కు, ఎందుకో ఉత్తరవాలు చెబితే బాగుంటుంది.

దారిలో చూడాల్సినవి: గట్టు అంచున కొత్తగా వేలాడుతున్న మంచు చూరు. ఒకవైపే తోకలు సాగిన మంచు, చెట్ల బెరడుకి ఒకవైపే అంటిన మంచు. కాలు పెడితే పైన గట్టిగా, లోపల బోలుగా డప్పు మీద నడిచినట్టు అనిపించే చోటు. స్కీ ముందు నుంచి పగులు గీతలు పరిగెడితే ఇక వేరే టెస్ట్ అక్కర్లేదు.

ఉత్తరవాలు
ఆ ఆరు గీతల గురించి.

పలక 80 సెం.మీ. నుంచి మీటరు మందం ఉన్న చోట స్కీయర్ బరువు కింద బలహీన పొర దాకా పెద్దగా దిగదు. అదే పలక 30 సెం.మీ.కి పలుచబడే చోట, అంటే బండల చుట్టూ, వాలు ఉబ్బెత్తుగా మలుపు తిరిగే చోట, పేరిన మంచు అంచుల్లో, బరువు నేరుగా తగులుతుంది. పగులు అక్కడ మొదలై లోతైన చోటికి పాకి మొత్తం వాలుని దించుతుంది. ఆరుగురూ లోతైన మధ్యలోంచి దిగి ఉంటే వాళ్లకి మీట, అంటే పగులు మొదలుపెట్టే పలుచటి చోటు, తగల్లేదు. ఏడో మనిషి 5 మీటర్లు పక్కకి జరిగితే తగలొచ్చు. తుఫాను మంచులో గీతలు కొంత సమాచారం ఇస్తాయి. చక్కెర పొర ఉన్న వాలు మీద అవి ఏమీ చెప్పవు.

ఇంకొకటి, మీట తగలడానికి ఆ వాలు మీదే ఉండక్కర్లేదు. పాదం దగ్గర చదునులో నడుస్తున్నా పగులు పైకి పాకి 34 డిగ్రీల ముక్కని మీ నెత్తిన దించగలదు.

కొండగాలి
ఇదంతా ఒప్పుకుంటా. కానీ అందుకే కదా గుంట తవ్వమన్నాను. ఈసీటీలో (మంచు దిమ్మ విడదీసి పార మీద తట్టి చూసే టెస్ట్) పగులు పాకలేదు అని వస్తే అది సమాచారం కాదా? అన్నిటికీ వద్దు వద్దు అంటే చలికాలం మొత్తం ఇంట్లోనే కూర్చోవాలి.

హిమరేఖ
కొండగాలి అన్నా, సమాచారమే. అయితే ఆ సమాచారం ఒకవైపే పనిచేస్తుంది. చెడు ఫలితం వస్తే ‘వద్దు’ అనడానికి ఒక్క గుంట చాలు. మంచి ఫలితం వస్తే ‘వెళ్దాం’ అనడానికి ఒక్క గుంట చాలదు. గాలిచాటు చెప్పినట్టు లోతు అడుగడుగుకీ మారే వాలులో మీ గుంట మీటరు లోతు చోట పడితే టెస్ట్ బాగుందనే చెబుతుంది. మీట ఉన్న పలుచటి చోటు 15 మీటర్ల అవతల ఉంటుంది.

చేసే పద్ధతి కూడా రాస్తా, సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. వాలుకి అడ్డంగా 90 సెం.మీ., పైకి 30 సెం.మీ. దిమ్మ. పక్కలూ వెనకా బలహీన పొర కిందిదాకా తాడుతోనో రంపంతోనో పూర్తిగా విడదీయాలి. వెనక మూల 5 సెం.మీ. అతుక్కుని ఉన్నా ఫలితం అబద్ధం చెబుతుంది. పార రేకుని ఒక చివర పరిచి, మణికట్టు నుంచి 10 దెబ్బలు, మోచేయి నుంచి 10, భుజం నుంచి 10. చేతి బరువు పడనివ్వాలి, కొట్టకూడదు. పగులు మొదలైన దెబ్బకే, లేదా ఆ వెంటనే పడే దెబ్బకే, దిమ్మ రెండో చివర దాకా పాకితే ఈసీటీపీ, పక్కన దెబ్బల సంఖ్య. మొదలై మధ్యలో ఆగితే ఈసీటీఎన్. 30 దెబ్బలకీ ఏమీ కాకపోతే ఈసీటీఎక్స్.

పైన మంచు బాగా మెత్తగా ఉంటే పార దానిలోకే దిగిపోయి బరువు కిందికి వెళ్లదు. బలహీన పొర మీటరు కంటే లోతుంటే దెబ్బలు అక్కడిదాకా చేరవు. ఈ రెండు సందర్భాల్లోనూ వచ్చే ఈసీటీఎక్స్‌ని మంచి వార్త అనుకోవడం పెద్ద పొరపాటు.

పారపట్టు
పొర లోతుగా ఉన్నప్పుడు పీఎస్టీ (రంపంతో బలహీన పొర కోసి చూసే టెస్ట్) చేయండి. వెడల్పు 30 సెం.మీ., వాలు వెంట పైకి 100 సెం.మీ. పొర మీటరు కంటే లోతుంటే పొడవు కూడా ఆ లోతంత తీసుకోవాలి. రంపం మొండి వైపుతో బలహీన పొర వెంట కింద నుంచి పైకి కోస్తూ వెళ్లండి. సగం పొడవు కూడా కోయకముందే పగులు తనంతట తను చివరిదాకా పరిగెడితే, ఆ వాలు మొత్తం పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు.

టెస్ట్‌లు లేకుండా కూడా గుంట గోడ చాలా చెబుతుంది. చేతితో నొక్కి గట్టితనం చూడండి: పిడికిలి దిగితే ఎఫ్, నాలుగు వేళ్లయితే 4ఎఫ్, ఒక వేలు, పెన్సిల్, కత్తి. పైన ఒక-వేలు పలక, దాని కింద పిడికిలి దిగే 6 సెం.మీ. పొర, అందులో 2 మి.మీ. మెరిసే రేణువులు, అదంతా పైనుంచి మీటరు లోపల. ఇది కనపడితే దిమ్మ కోయకముందే నాకు జవాబు దొరికినట్టే.

శిశిర_09
బులెటిన్ 3 అంటే 5లో మధ్యది కదా. అంటే ఓ మోస్తరు ప్రమాదం అనుకోవచ్చా?

చుక్కాని
అలా అనుకోవడం వల్లే 3వ స్థాయిలో ఎక్కువమంది పోతున్నారు. స్కేలు సమానమైన మెట్లు కాదు, ఒక్కో మెట్టుకీ ప్రమాదం రెట్లలో పెరుగుతుంది. యూరప్‌లో 1993 నుంచి ఈ ఐదు స్థాయిలు వాడుతున్నారు. 3 అంటే ఒక్క మనిషి బరువుకే వాలు తెగే అవకాశం బాగా ఉందని. 4, 5 రోజుల్లో తుఫాను కనపడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పైకి వెళ్లరు. 3 రోజున ఎండ కాస్తుంది, మంచు మెరుస్తుంది, ఇంకెవరివో గీతలు కనిపిస్తాయి.

అంకె చూసి ఆగకండి, కింద చదవండి. ఏ సమస్య, ఏ ముఖాలు, ఏ ఎత్తు అని ఉంటుంది. కొత్త మంచు, గాలి పలక, నిలకడగా ఉండే బలహీన పొర, తడి మంచు, నేల మీద జారే మంచు. ఈ ఐదింటికీ జాగ్రత్తలు వేరు. తెల్లదారి గారూ, మీ బులెటిన్‌లో ఏ సమస్య రాశారు?

తెల్లదారి
రెండున్నాయి. గాలి పలక, నిలకడగా ఉండే బలహీన పొర. వాయవ్యం నుంచి ఈశాన్యం మీదుగా తూర్పు దాకా, చెట్ల ఎత్తుకి పైన.

చుక్కాని
అంటే మీ వాలు పేరు ఒక్కటే రాయలేదు, మిగతా చిరునామా మొత్తం రాసేశారు.

మ్యాప్‌లో 34 అన్నారు కదా, ఆ అంకె కూడా సరిచూసుకోండి. వాలు కోణాన్ని బట్టి నీడలు వేసే డిజిటల్ మ్యాప్‌లు 10 నుంచి 30 మీటర్ల గడుల సగటు తీసుకుంటాయి. మధ్యలో 8 మీటర్ల 40 డిగ్రీల మెట్టు ఉన్నా అందులో కనపడదు. కాగితం మ్యాప్ అయితే 1:25,000లో 20 మీటర్ల ఎత్తు గీతల మధ్య దూరం 1.4 మి.మీ. ఉంటే 30 డిగ్రీలు, 1 మి.మీ. లోపుకి వస్తే 40కి దగ్గర. పలకలు తెగేవి ఎక్కువగా 30-45 మధ్య, అందులోనూ 40కి కాస్త అటూఇటూ. మీ వాలు సరిగ్గా ఆ మధ్యలో ఉంది.

మంచుబాట
అక్కడే నిలబడి కోణం కొలవడానికి క్లినోమీటర్ లేకపోతే? ఫోన్ చలికి ఆరిపోతుంది.

చుక్కాని
ఒకే పొడవున్న రెండు స్కీ కర్రలు చాలు. ఒకదాన్ని వాలు వెంట నిలువుగా పడుకోబెట్టి మంచులో అచ్చు వేయండి. దాని మొన అచ్చు పైచివర మీదే ఉంచి, పిడి వైపు పైకి లేపండి. ఆ పిడి నుంచి రెండో కర్రని నిట్టనిలువుగా వేలాడదీసి, దాని మొన మంచుకి తగిలేదాకా మొదటి కర్రని దించండి. మొన సరిగ్గా అచ్చు కిందచివర తగిలితే 30 డిగ్రీలు. ఇంకా కింద తగిలితే ప్రతి 10 సెం.మీ.కి సుమారు 3 డిగ్రీలు కలుపుకోండి. 120 సెం.మీ. కర్రతో 17 సెం.మీ. కింద తగిలిందంటే 35. ఇది కూడా ప్రమాదం లేని చోట కొలవాలి, అనుమానం ఉన్న వాలు మధ్యలోకి వెళ్లి కాదు.

శిశిర_09
నలుగురికీ బీకన్లు (పూడిన మనిషిని సిగ్నల్‌తో వెతికే పరికరాలు), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కర్ర), పార ఉన్నాయనే అనుకుంటున్నా. ఒక్కొక్కరుగా దిగితే, ఏదైనా జరిగినా మిగతా ముగ్గురు తీయగలరు కదా?

పారపట్టు
ఈ ధీమా నాకు చాలా భయం, అందుకే వివరంగా రాస్తా.

స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 దాకా జరిగిన కేసుల మీద 2024లో వచ్చిన లెక్క ప్రకారం, పూర్తిగా పూడిపోయినవాళ్లని 10 నిమిషాల్లోపు తీస్తే పదిలో తొమ్మిది మంది బతికారు. 30 నిమిషాలకి అది మూడుకి పడిపోయింది. ఇంతకుముందు 15-18 నిమిషాలు ఉందని నేర్పేవాళ్లు, ఇప్పుడు చేతిలో ఉన్నది 10. పైగా ఊపిరాడక పోవడమే కాదు, బండలకీ చెట్లకీ కొట్టుకుని దారిలోనే పోయేవాళ్లకి బీకన్ ఏం చేయలేదు.

ఆ 10 నిమిషాలు ఎలా ఖర్చవుతాయో చూడండి. ముందు చివరిసారి కనపడిన చోటు గుర్తుపెట్టుకోవాలి, ఇంకో ముక్క తెగే ప్రమాదం ఉందా చూడాలి, అందరూ బీకన్ వెతికే మోడ్‌లోకి మార్చాలి. ఒక్కరు ప్రసారంలో మర్చిపోయినా మీరు ఆ మనిషినే వెతుకుతారు. సిగ్నల్ దొరికేదాకా 40-50 మీటర్ల పట్టీల్లో వేగంగా. దొరికాక బాణం చూపిన దారి. 3 మీటర్ల లోపుకి వచ్చాక మోకాళ్ల మీద, బీకన్ మంచుని తాకేలా, తిప్పకుండా, నెమ్మదిగా. అత్యల్ప అంకె దగ్గర నుంచి ప్రోబ్ 25 సెం.మీ. ఎడంతో చుట్లు చుట్టుకుంటూ, మంచు ముఖానికి లంబంగా. తగిలాక ప్రోబ్ తీయొద్దు.

ఎక్కువ సమయం తినేది తవ్వకం. ప్రోబ్ పక్కన నిలువు బావి తవ్వకూడదు. పూడిన లోతుకి ఒకటిన్నర రెట్లు దూరం కిందికి జరిగి అక్కడి నుంచి అడ్డంగా లోపలికి తవ్వాలి. ముందు ఒకరు ముక్కలుగా కోయాలి, వెనకవాళ్లు మంచుని ఎత్తకుండా తెడ్డు వేసినట్టు వెనక్కి తోయాలి. అలిసేలోపే స్థానాలు మార్చుకోవాలి. పడి ఆగిన మంచు సిమెంటులా బిగుస్తుంది, మీటరు లోతులో ఉన్న మనిషి కోసం టన్నుకి పైగా కదపాలి. ప్లాస్టిక్ పార దానిలో విరుగుతుంది. ముగ్గురిలో ఒక్కరికి దెబ్బ తగిలినా, ఒకరు షాక్‌లో నిలబడిపోయినా లెక్క మారిపోతుంది.

సామాను తీసుకెళ్లాలి, తప్పనిసరిగా. వాలు ఎంచుకునేటప్పుడు మాత్రం అది సంచిలో లేదనుకుని ఎంచుకోవాలి.

మంచుబాట
బీకన్ బ్యాటరీ 70 శాతం చూపిస్తోంది, అవే వాడొచ్చా? ఎయిర్‌బ్యాగ్ (మంచులో చిక్కుకున్నప్పుడు ఉబ్బే వీపు సంచి) వల్ల ఎంత తేడా ఉంటుంది?

హిమరేఖ
70 ఓకే, 50-60కి వస్తే మార్చేయండి. కంపెనీ పుస్తకంలో ఉన్న రకమే వేయండి. మామూలుగా ఆల్కలైన్. రీచార్జ్ చేసేవాటిలో మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించి హఠాత్తుగా పడిపోతుంది. ఫోన్, కెమెరా, వేడి గ్లవ్స్ లాంటివి ప్రసారంలో ఉన్నప్పుడు 20 సెం.మీ., వెతికేటప్పుడు 50 సెం.మీ. దూరం. పొద్దున బయల్దేరేటప్పుడు ఒకరు ముందుకెళ్లి మిగతావాళ్ల ప్రసారం ఒక్కొక్కటిగా సరిచూడాలి, తర్వాత ఆ ఒకరిది ఇంకొకరు.

ఎయిర్‌బ్యాగ్ మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, అవలాంచ్‌లో గట్టిగా చిక్కుకున్నవాళ్లలో మరణాలు బ్యాగ్ ఉబ్బితే 22 నుంచి 11 శాతానికి తగ్గాయి. సగం అంటే చాలా ఎక్కువే. కానీ కింద ఇరుకు వాగో కొండచరియ అంచో ఉంటే ఆ సగం కూడా మిగలదు. తెల్లదారి వాలు కింద ఏముంది?

తెల్లదారి
కింద సన్నటి వాగు. గోడలు రెండు వైపులా.

హిమరేఖ
అయితే చిన్న పలక తెగినా ఆ వాగులో 3 మీటర్ల లోతు పేరుతుంది. పరుచుకోవడానికి జాగా లేదు. నాకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ వాలు వద్దనడానికి.

కొండగాలి
వాగు సంగతి ముందే చెప్పి ఉంటే నేనూ గుంట తవ్వమని అనేవాడిని కాదు. సరే, ఆ వాలు పక్కన పెడదాం. శనివారం వాళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పండి ఎవరైనా, ఇప్పటిదాకా అందరూ వద్దనే చెప్పారు.

తెల్లదారి
రెండు దారులు ఉన్నాయి. ఒకటి, అదే లోయలో ఆ వాలు కిందనే ఉన్న 24 డిగ్రీల మైదానం. రెండోది పడమటి వెన్ను వెంట, అడవిలోంచి, ఎక్కడా 27 దాటదు. దక్షిణ ముఖం కూడా ఉంది, 35 డిగ్రీలు, పెంకు కట్టింది అన్నానే అది.

గాలిచాటు
మైదానం వద్దు. 24 డిగ్రీలు మీ కాళ్ల కింద, కానీ నెత్తి మీద 34. ఉత్తరవాలు చెప్పిన పాకే పగులు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. చిన్న లెక్క: కింద నిలబడి పైన పలక తెగే చోటు కొసకి కోణం కొలవండి. 25 డిగ్రీలు దాటితే మంచు వచ్చి పడే దారిలోనే ఉన్నారు. 18 లోపు ఉంటే చాలావరకు బయట. మధ్యలో ఉంటే ఆగకుండా, ఎడం పాటిస్తూ దాటాలి.

పడమటి వెన్ను నయం. నైరుతి గాలికి ఎదురుగా ఉంది కాబట్టి మంచు పేరదు, కొట్టుకుపోతుంది. పైన వేలాడే వాలు ఏదీ లేదు కదా, అది మాత్రం మ్యాప్‌లో చూసుకోండి. వెన్ను కొస దాకా వెళితే ఈశాన్యం వైపు చూరు అంచుకి దూరంగా ఉండండి. చూరు మనం అనుకున్న చోట విరగదు, ఇంకా వెనక, నేల మీద ఉన్నామనుకున్న చోట విరుగుతుంది.

ఉత్తరవాలు
దక్షిణ ముఖం 35 కూడా రేపటికి వద్దు. కొత్త మంచు తర్వాత మొదటి గట్టి ఎండ రేపే. పెంకు మీద కొత్త మంచు తడిస్తే పైనుంచి చక్రాల్లా ఉండలు దొర్లడం మొదలవుతుంది, బండల కింద ముందు. గుప్పిట పట్టి పిండితే నీళ్లు కారినా, బూటు పిక్క దాకా దిగుతున్నా ఆలస్యమైపోయినట్టే.

చుక్కాని
అడవిలో కూడా చెట్ల మధ్య తేలిగ్గా స్కీ చేయగలిగేంత ఎడం ఉంటే అవి మంచుని పట్టి ఆపవని గుర్తుపెట్టుకోండి. 27 డిగ్రీలే కాబట్టి సరిపోతుంది, చెట్లని నమ్ముకుని పక్కనున్న 33లోకి జారకండి. మళ్లీ కిందికి వచ్చాక చూసింది ఇక్కడ రాయండి, అందరికీ పనికొస్తుంది.

తెల్లదారి
శనివారం సాయంత్రం. పడమటి వెన్ను వెళ్లాం. రాయమన్నవి ఇవి.

చెట్లు ఆగే చోటికి 40 మీటర్ల కింద, 20 డిగ్రీల ఖాళీ జాగాలో మొదటి మనిషి కాలు పెట్టగానే దిబ్బుమని కుంగింది. పగులు 15 మీటర్ల దాకా పాకింది. ఎదురు కొండ తూర్పు ముఖంలో నిన్న లేని తెగుడు కనిపించింది, గట్టు కింద, అడ్డంగా సుమారు 60 మీటర్లు. ఎవరూ దాని మీద లేరు.

గుంట ఈశాన్యానికి తిరిగిన 26 డిగ్రీల చిన్న గట్టు మీద, పైన ఏమీ లేని చోట. మొత్తం లోతు 118 సెం.మీ. పైన 52 సెం.మీ. కొత్త మంచు, పైది నాలుగు వేళ్లు, కిందిది ఒక వేలు. దాని కింద 8 సెం.మీ. పిడికిలి పొర, 2 మి.మీ. రేణువులు. ఈసీటీపీ 12, 52 సెం.మీ. లోతులో. రెండోసారి ఈసీటీపీ 14, అదే పొర. పగిలిన ముఖం నున్నగా, దిమ్మ దానంతట అది జారింది.

ఇద్దరు ఫ్రెండ్స్ ఆ దిమ్మ జారడం దగ్గరుండి చూశారు. ఇంక వాదన జరగలేదు.

వాలుకోణం
రెండుసార్లు ఒకే పొర, ఒకే లోతు, 12 దగ్గర మొత్తం పాకడం. దానికి కుంగుడు చప్పుడు, కొత్త తెగుడు తోడు. ఇంతకంటే స్పష్టంగా ఏ వాలూ చెప్పదు. ఈ అంకెలు ముఖం, ఎత్తు, సమయంతో సహా మీ బులెటిన్ వాళ్లకి పంపండి. వాళ్లకి రోజూ అందేవి చాలా తక్కువ.

కొండగాలి
నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. 48 గంటల మాట ఇలా పాత మంచు పాడైన చోట చెప్పకూడదు. ఒకటి అడగాలి: బుధవారం ఇంకో 20 సెం.మీ. పడుతుందంటున్నారు. వచ్చే శనివారం మళ్లీ చూడాలంటే ఏం చూడాలి? అదే గుంట శుభ్రం చేసి టెస్ట్ చేస్తే పోల్చుకోవడానికి బాగుంటుందా?

పారపట్టు
అదే గుంట వద్దు. తెరిచి వదిలిన గోడకి రాత్రి చలి నేరుగా తగిలి అక్కడి రేణువులు మారిపోయి ఉంటాయి, పూడ్చినా మంచు కదిలిపోయినట్టే. ఇవాళ్టిది పూడ్చినా అది ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. అదే ముఖం, అదే ఎత్తు, వాలుకి అడ్డంగా కనీసం 3 మీటర్లు పక్కకి జరిగి కొత్తది తవ్వండి. మొదట ప్రోబ్ ఐదారు చోట్ల గుచ్చి లోతు చూసి, 118 కంటే ఎక్కువ కాకుండా తక్కువ ఉన్న చోటు ఎంచుకోండి. మీట ఉండేది పలుచటి చోటే.

దెబ్బల సంఖ్య 12 నుంచి 20కి పెరిగినా సంతోషపడొద్దు. చివరి అక్షరం పీ నుంచి ఎన్‌కి మారిందా, ఆ 8 సెం.మీ.లో పిడికిలి బదులు నాలుగు వేళ్లు పడుతున్నాయా చూడండి.

తెల్లదారి
పూడ్చాం. పక్కనే ఒంటి చెట్టు ఉంది, దాని నుంచి 6 అడుగులు ఉత్తరానికి. శనివారం అంకెలు ఇక్కడే పెడతా.